కాలర్ లోపలి వైపు

సెయింట్ పాల్, మిన్నెసోటా
ఆగస్టు 19

బావకి,

మళ్ళీ జిప్పులేనా! పెట్టె తెరిచేసరికి నలుపు, నీలం, చిలకపచ్చ, ముదురు గులాబీ, ఇన్ని రంగుల జిప్పులు జారి నా ఒళ్ళో పడ్డాయి. నేనడిగింది రవికలకి హుక్కులు. హుక్కులు లేకుండా పెళ్ళి రవికలు ఎలా కుట్టను, వాటికి కూడా జిప్పు పెట్టమంటావా?

నీ చీటీ చదివాను. ఈ ఊళ్ళో లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మోంగ్ వాళ్ళు వేలల్లో ఉన్నారనీ, నవంబరాఖర్న వచ్చే థాంక్స్‌గివింగ్‌కి వాళ్ళ కొత్త సంవత్సరమనీ, ఆ రోజు పిల్లా పెద్దా తమ బట్టలే కట్టుకుంటారనీ, కాబట్టి జిప్పు లాగితే రెండు నిమిషాల్లో ఒంటికెక్కే సెట్లు మనం అమ్మాలనీ. నేనేమో ఎవరిదైనా అసలు సెట్టు దొరకబుచ్చుకుని నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి, సూరత్‌లో నీ మనిషి దాన్ని పాలిస్టర్ మీద ప్రింట్ కొడతాడు. బాగుంది.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలెందుకు అని నీ చెల్లెలితో అన్నావట. ఉమ చెప్పింది. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూచున్నప్పట్నుంచీ అదే వరస. కాగితం మీదైతే నా వంతు కూడా వస్తుంది. నేను కుట్టిన రవికలు నీ షామ్‌బర్గ్ షాపుకి ఎలాగూ ఈ పెట్టెలోనే వస్తాయి, ఉత్తరానికి వేరే స్టాంపు అక్కర్లేదు.

ఆ రెండు నిమిషాల సంగతి చెప్తాను విను. పోయిన మంగళవారం నువ్వు నాకప్పగించిన ఈ షాపుకి ఒక హ్మోంగ్ మామ్మగారు వచ్చింది, యేర్ వాంగ్ అని. డెబ్భై అయిదు దాటి ఉంటాయి, ఎత్తు నా మిషన్ బల్ల కంటే రెండు జానలు ఎక్కువ. వెంట మనవరాలు మైలీ, కాలేజీ పిల్ల. మామ్మగారి మాటని ఇంగ్లీషు చేస్తుంది. నా ఇంగ్లీషుని మళ్ళీ ఇంగ్లీషు చేస్తుంది. పాత నల్ల కోటొకటి ఇచ్చి, చేతుల లైనింగ్ చిరిగింది మార్చమన్నారు. ఇదెలా వేసుకుంటారమ్మా అనడిగాను. ఆ పిల్ల మొదలుపెట్టింది. ముందు పిక్కలకి నల్లగుడ్డ చుట్టాలట, పూర్వం మన కానిస్టేబుళ్ళు చుట్టుకునే పట్టీల్లాగ. ఆ పైన లంగా. కుట్టేసిన లంగా కాదు, నడుం చుట్టూ తిప్పి కట్టేది. మైనంతో గీసి నీలిమందులో ముంచిన గుడ్డ, దానికి సన్నసన్నటి కుచ్చిళ్ళు కొన్ని వందలు. విప్పాక అవి చెదరకుండా దారాలతో బిగించి చుట్ట చుట్టి దాస్తారట. లంగా అంచులు కలిసేచోట పొడుగాటి ఏప్రన్. దాని మీద నడికట్టు, ఒకళ్ళు కొస పట్టుకుంటే ఇంకొకళ్ళు బిగించాలి. ఆ పైన కోటు, వెండి కంటె, గలగలలాడే నాణేల పట్టీలు. ఆఖర్న తలపాగా, బారలకొద్దీ గుడ్డ. దానికీ కొస ఒకళ్ళు పట్టుకోవాలి, కట్టుకునే పిల్ల బొంగరంలా తిరగాలి. ఎంతసేపమ్మా అంటే గంట, మా మామ్మ తిట్లు కూడా కలిపితే గంటన్నర అంది.

ఇంకో మనిషి కొస పట్టుకుంటే తప్ప కట్టుకోలేని బట్టకి నువ్వు జిప్పు పెడతానంటున్నావు. ఫొటోలు నేను తీయను బావా. వాళ్ళు లైనింగ్ మార్చమని ఇచ్చారు, ఫొటో తీయమని కాదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ కోటు మెడ వెనక నలుచదరపు కాలర్ ముక్క ఒకటి వేలాడుతుంది. దాని మీద పని చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. నత్తగుల్లల్లాంటి చుట్టలు, చీమ తలంత కుట్లు. కానీ ఎవరో తెలివితక్కువవాళ్ళు దాన్ని తిరగేసి కుట్టారు. పనంతా లోపలికి, మెడకి ఆనుకుని. బయటికి ఒట్టి నల్లగుడ్డ. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు నాది, చూసి ఊరుకోలేను. లైనింగ్‌తో పాటు అది కూడా ఫ్రీగా సరిచేసి ఇచ్చేస్తాను. మామ్మగారు సంతోషిస్తుంది.

హుక్కులు పంపు.

హనుమయ్య

*

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
ఆగస్టు 27

ప్రియమైన బావకి,

హుక్కులు పంపాను, ఏడవకు.

నువ్వు టైలర్‌వి, నేను బిజినెస్ మనిషిని. నువ్వు ఒక కోటు చూస్తావు, నేను దాని వెనక క్యూ చూస్తాను. ఆ కాలేజీ పిల్లలకి గంటన్నర ఎక్కడుంది? మా అమ్మాయి నైనిక తన ఫ్రెండ్ పెళ్ళికి రెడీమేడ్ చీరే కట్టింది. కుచ్చిళ్ళు కుట్టేసి, పక్కన జిప్పు. కార్‌లో కూచునే రెడీ అయిపోయింది. ఆకాశం ఏమైనా ఊడిపడిందా? మన చీరకి లేని పట్టింపు వాళ్ళ లంగాకి నీకెందుకు?

ఆ కాలర్ మాత్రం తప్పకుండా తిప్పి కుట్టు. పని బయటికి కనబడితేనే కదా ప్రింట్‌కి పనికొచ్చేది. కుట్టాక ఫొటో తీయి. కోటు కోటులాగే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. సెప్టెంబరు పది లోపల సూరత్‌కి వెళ్ళకపోతే నవంబరుకి సరుకు దిగదు.

నిన్నూ మా చెల్లినీ ఇక్కడికి తేవడానికి పద్నాలుగేళ్ళు పేపర్లు నడిపాను. ఒక్క ఫొటో తీయడానికి నీకు ఇంత ఆలోచనా?

రాజారావు

తా.క. నా దగ్గరున్న మీ షాపు రెండో కీ ఎక్కడో మిస్ అయింది. నీ కీ జాగ్రత్త.

*

సెయింట్ పాల్
సెప్టెంబరు 5

బావకి,

రవికలు పంపాను. ఒకటి తెలుపు, మిగతావి తెలుపు కావు. ఇక్కడ పొద్దున్నే చలిగా ఉంటోంది. ఉమ కులాసా. నేను కులాసా. మిషన్ కులాసా.

ఫొటోలు లేవు.

కాలర్ సంగతి అడక్కు.

హనుమయ్య

*

షామ్‌బర్గ్
సెప్టెంబరు 16

బావా,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వు జన్మలో రాయలేదు. ఉమకి ఫోన్ చేస్తే "ఆయన సరిగ్గా అన్నం తినట్లేదు అన్నయ్యా, అడిగితే కుట్టు బాగోలేదంటారు" అంది. కుట్టు బాగోలేకపోతే అన్నం మానేస్తారా? అలా అయితే ఊళ్ళో సగంమంది టైలర్లు పోవాలి.

సరే, నీకు చెప్పకూడదనుకున్నాను గానీ, ఫొటోలు వచ్చేశాయి. నువ్వు కాలర్ తిప్పి కుట్టి కోటు హేంగర్‌కి తగిలించిన రోజు ఉమ నీకు టిఫిన్ తెచ్చిందిగా. ఫోన్లో తీసి పంపమ్మా అన్నాను, నాలుగు వైపులా తీసి పంపింది. పాపం దానికేం తెలియదు, నీ పనితనం అన్నయ్యకి చూపిస్తున్నాననుకుంది. దాన్ని ఏమీ అనకు.

సూరత్‌ వాడు ఎగిరి గంతేశాడు. ఆ కాలరే హైలైట్ అన్నాడు. మూడొందల సెట్లు, నవంబరు మొదటి వారంలో నేరుగా నీ షాపుకే దిగుతాయి.

కోపం వస్తే రానీ. వచ్చే ఏడు నువ్వే థాంక్స్ చెప్తావు.

రాజారావు

*

సెయింట్ పాల్
సెప్టెంబరు 24

బావా,

ఉమని ఏమీ అనలేదు. నీ ఉత్తరం చదివి తనే నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కోపం నీ మీద. నువ్వు షామ్‌బర్గ్‌లో ఉన్నావు, నేను పక్క గదిలో ఉన్నాను.

ఇప్పుడు కాలర్ సంగతి. దాచి లాభం లేదు.

సెప్టెంబరు మొదటి మంగళవారం మామ్మగారు కోటు కోసం వచ్చింది. నేను గారడీవాడిలా కవర్లోంచి బయటికి తీసి, "కాలర్ కూడా సరిచేశానండీ, ఫ్రీ" అన్నాను. ఆవిడ కోటుని బల్ల మీద పరిచింది. చూపుడువేలితో కాలర్ ఎత్తి కింద చూసింది. కింద ఒట్టి నల్లగుడ్డ. మళ్ళీ దించింది. మైలీతో ఏదో అంది. ఆ పిల్ల నా మొహం చూడకుండా ఇంగ్లీషు చేసింది.

"పాత దారం ఎక్కడుంది అని అడుగుతోంది."

పాత దారం, బావా. చెత్తబుట్టలో పడేసి వారమైంది.

అప్పుడు చెప్పారు. హ్మోంగ్ వాళ్ళలో వేరే వేరే తెగలున్నాయట, వీళ్ళు గ్రీన్ హ్మోంగ్. వైట్ హ్మోంగ్ వాళ్ళు కాలర్ పని బయటికి పెడతారట. మామ్మగారి ఊరివైపు లోపలికే. ఎవరూ తప్పు కుట్టలేదు. తెలివితక్కువవాడెవడో నీకు అర్థమయ్యే ఉంటుంది.

"అంత పని చేసి దాచుకోవడం ఎందుకండీ?" అన్నాను, సిగ్గులేకుండా.

"కుట్టినామెకి తెలుసు. వేసుకున్నామెకి తెలుసు. ఇంకెవరికి తెలియాలి?" అంది మామ్మగారు.

కుట్టింది వాళ్ళమ్మట. వియత్నాం యుద్ధం అయ్యాక లావోస్ నుంచి థాయ్‌లాండ్‌కి పారిపోతూ మెకాంగ్ నది దాటినప్పుడు వాళ్ళమ్మ ఇవతలి ఒడ్డుకి రాలేదు. కోటు వచ్చింది. ఆ కాలర్‌ని కోటుకి పట్టి ఉంచిన దారం వాళ్ళమ్మ చేత్తో వేసింది. దాన్ని నేను విప్పి పారేసి మిషన్ కుట్టు వేసిపెట్టాను. ఫ్రీగా.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టూలు లాక్కుని ఎదురుగా కూచుని నా చేతికి సూది ఇచ్చింది. అప్పట్నుంచీ ప్రతి మంగళవారం వస్తోంది. నేను నా మిషన్ కుట్టు విప్పి, కాలర్ తిప్పి, చేత్తో కుడతాను. ఆవిడ చూసి, తల అడ్డంగా ఊపి, విప్పించేస్తుంది. నా కుట్టు లావుగా ఉందట. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు! మూడుసార్లు విప్పించింది. నిన్న నాలుగోసారి ఊరుకుంది. కళ్ళజోడు మర్చిపోయి వచ్చిందేమో, నేనడగలేదు.

కాబట్టి నీ సూరత్ మనిషి గంతేసిన హైలైట్ హ్మోంగ్ వాళ్ళది కాదు. హనుమయ్య తప్పు. మూడొందల కాపీలు. పదో తరగతి మీద రెండు దండయాత్రలు చేసినప్పుడు కూడా నా తప్పులు ఒక్క కాపీతోనే ఆగాయి.

ఆ ఆర్డర్ ఆపించు బావా. అది ఆవిడ అమ్మ పని. ఆవిణ్ణి మనం అడగలేదు.

హనుమయ్య

*

షామ్‌బర్గ్
అక్టోబరు 6

బావగారికి,

మీ ఉత్తరం చదివాను. బాధగానే ఉంది. కానీ ఆర్డర్ ఆగదు, గుడ్డ ప్రింట్ అయిపోయింది.

ఒక పని చేయండి. సరైన పద్ధతి ఏంటో ఆ పెద్దావిణ్ణి మెల్లిగా కనుక్కుని రాయండి. కాలర్ ఎటు, ఏప్రన్ ఎటు, ఏ తెగకి ఏ రంగు. వచ్చే బ్యాచ్‌లో మార్పిస్తాను, 'అచ్చంగా వాళ్ళ పద్ధతి' అని ట్యాగ్ కూడా వేద్దాం. ఈ బ్యాచ్ ఇలాగే అమ్ముతాం. కాలర్ పైకుంటే ఎవరు పట్టించుకుంటారు? మీకే నెల క్రితం దాకా తెలియదు.

సరుకు దిగగానే ఒకటి షాపు ముందు అద్దంలో ఉన్న బొమ్మకి తొడగండి, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడేలా. ఇది రిక్వెస్ట్ కాదు. షాపు నాది.

రాజారావు

*

సెయింట్ పాల్
నవంబరు 12

బావకి,

నన్ను 'గారు' అన్నావంటే నీకు కోపం వచ్చిందని అర్థం. నాకూ వచ్చింది. అయినా నువ్వు నువ్వే.

సరైన పద్ధతి రాయను. ఇప్పుడు నాకు చాలా తెలుసు. నడికట్టు ఎన్ని చుట్లో తెలుసు, ముడి ఎక్కడ పడాలో తెలుసు. సూరత్‌కి తెలియదు. అలాగే ఉండనీ.

సరుకు దిగిన రోజు నేనూ ఉమా మామ్మగారింటికి వెళ్ళాం. ఒక సెట్టు పట్టుకెళ్ళాం. ఉమ తన ఫోన్లో ఆ నాలుగు ఫొటోలూ తీసి ఆవిడ చేతిలో పెట్టి, "నేనే తీశానమ్మా, అడగలేదు, తప్పయిపోయింది" అని తెలుగులో ఏడ్చింది. మైలీకి తెలుగు రాదు. అయినా ఏదో చెప్పింది, మామ్మగారికి అర్థమైంది. ఉమకి అరటిపండు ఇచ్చింది.

తర్వాత ఆ పాలిస్టర్ కోటు ఒళ్ళో పెట్టుకుని కాలర్ ఎత్తి చూసింది. పైన ప్రింటు, కింద తెల్లటి పాలిస్టర్. "ఇందులో మా అమ్మ లేదు" అంది. నవ్వింది కూడా. మైలీ మాత్రం నవ్వలేదు, లాయర్ దగ్గరికి వెళ్దామంది. మామ్మగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు చెప్పింది. థాయ్‌లాండ్ శరణార్థుల శిబిరంలో ఉన్నప్పుడు ఒకాయన వచ్చేవాడట, వీళ్ళు కుట్టిన గుడ్డలు కొని ఇక్కడ అమ్మడానికి. మీ రంగులు మరీ ఎక్కువ, సోఫాల మీద నప్పేలా లేతరంగులు వేయండి అన్నాడట. "వేశాను. పిల్లలు ఆకలి మీదున్నారు. గోధుమరంగు వేశాను, బూడిదరంగు వేశాను. అమ్మడానికి కుట్టినవి అమ్మాను. ఈ కోటుని మాత్రం పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. దీన్ని అడిగితే ఆయనకే ఇవ్వలేదు" అంది. అని నా వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అంది.

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు బావా. ఏం చేయాలో చెప్పినవాళ్ళే అందరూ.

షాపుకొచ్చి నువ్వు చెప్పినట్టే బొమ్మకి తొడిగాను. కాలర్ బాగా కనబడాలని వీపు రోడ్డు వైపు పెట్టాను. మెళ్ళోంచి వీపు మీదికి, కాలర్‌కి కిందగా ఒక అట్ట తగిలించాను. అట్ట నువ్వు చెప్పలేదు, అది నా సొంత తెలివి. మైలీ ఇంగ్లీషు చెప్తే లావు స్కెచ్ పెన్‌తో నేనే రాశాను: "ఈ కాలర్ తప్పు. సొంతదారుని అడక్కుండా కాపీ కొట్టింది. తప్పు కుట్టింది నేనే. టైలర్ హనుమయ్య."

జనం వస్తున్నారు. నీ క్యూ నువ్వన్నట్టే వచ్చింది. అట్ట చదివి, నవ్వి, లోపలికొచ్చి, హనుమయ్య నువ్వేనా అంటారు. మూడొందల్లో ఒక్కటీ కదల్లేదు గానీ, పాత లంగాలు మాత్రం చుట్టలు చుట్టలుగా రిపేరుకి దిగాయి. ముందు అడిగి ముట్టుకుంటున్నాను.

హనుమయ్య

అన్నయ్యా, ఆ ఫొటోలు తీసిన చేతులు నావి. ఎందుకో చెప్పి ఉంటే నేను ముందు మామ్మగారిని అడిగేదాన్ని. ఇకమీదట ఆయనకి తెలియకుండా నన్ను ఏదీ చేయమనకు. గోంగూర పచ్చడి పెట్టాను, కోపంగా ఉన్నా తిను. ఉమ.

*

షామ్‌బర్గ్
నవంబరు 20

హనుమయ్య గారికి,

పచ్చడి అందింది.

మీ అట్ట ఫొటో టెక్సాస్ ఇర్వింగ్‌లో ఉన్న మా కస్టమర్ ఒకావిడ నాకు పంపి, ఇది మీ షాపే కదండీ అని అడిగింది. నా షాపులో, నా సరుకు మెళ్ళో, నా సరుకు తప్పని బోర్డు! ఇంకెవరైనా అయితే ఈపాటికి ఏం జరిగేదో మీకు తెలుసు.

రెండు దారులు. పండగ లోపల అట్ట తీసేసి సరుకు అమ్మండి, కీ మీ దగ్గరే ఉంటుంది. లేదంటే కీ పోస్టులో వేసి ఇంటికెళ్ళండి. పండగ మూడు రోజులకీ నేనే వచ్చి షాపు చూసుకుంటాను. రెండో కీ ఇంకా దొరకలేదు, కాబట్టి మీది రిజిస్టర్డ్‌లో పంపండి.

సూరత్ నుంచి శాంపిల్‌గా నాకొచ్చిన సెట్టు నైనిక వేసుకు చూసింది. జిప్పు మధ్యలో పట్టేసింది, కత్తిరించి తీయాల్సొచ్చింది. అది వేరే విషయం.

రాజారావు

*

సెయింట్ పాల్, పండగ హాల్లోంచి
నవంబరు 28, శుక్రవారం

బావకి,

ఈసారి స్టాంపు నాదే.

నువ్వు చెప్పినట్టే చేశాను. బుధవారం సాయంత్రం తాళం వేసి, కీ రిజిస్టర్డ్‌లో వేశాను. రసీదు ఉమ దగ్గరుంది. గురువారం థాంక్స్‌గివింగ్ సెలవు. సోమవారం కంటే ముందు నీకు చేరదని పోస్టాఫీసావిడ చెప్పింది, నాకు చాలా విచారమేసింది. పండగ ఆదివారంతో అయిపోతుంది. అట్ట లోపలే ఉంది. తీయాలంటే తలుపు తీయాలి, తలుపు తీయాలంటే కీ కావాలి, కీ పోస్టులో ఉంది. అద్దంలో లైటు ఆర్పడం కూడా మర్చిపోయాను. వయసు మీద పడుతోంది.

నా మిషన్ తాళం వేసేముందే ఇంటికి తెచ్చుకున్నాను, సోమవారం నుంచి మా వంటింట్లో నడుస్తుంది. స్టూలు తనే తెచ్చుకుంటానంది మామ్మగారు.

ఇక్కడ నువ్వు చూడాల్సింది. హాలంతా నాణేల చప్పుడు. జిప్పు సెట్లు అమ్మే బల్లలు బోలెడున్నాయి, అమ్మేది హ్మోంగ్ వాళ్ళే. మామ్మగారిని అడిగాను, మరి వీళ్ళనేమీ అనరా అని. "వాళ్ళ బట్ట, వాళ్ళ జిప్పు. నా కాలర్‌కి మాత్రం నన్నడగాలి" అంది. రెడీమేడ్ టోపీలు పెట్టుకొచ్చిన ఆడపిల్లలు ఆవిడ ముందు లైన్లో నిలబడ్డారు, తలపాగా పాత పద్ధతిలో చుట్టించుకోడానికి. మైలీ చుడుతుంది, నేను కొస పట్టుకుంటాను, మామ్మగారు తిడుతుంది. పొద్దున్నుంచీ ఇదే పని. కొస పట్టుకోవడంలో నాకు మంచి పేరొచ్చింది. నాకు కూడా మగవాళ్ళ సెట్టు కట్టారు. కాళ్ళ మధ్య గుడ్డ మోకాళ్ళ దాకా వేలాడే నల్ల పాంటు, ఎర్ర నడికట్టు. కొస పట్టుకుని బిగించింది నీ చెల్లెలు. బాగా బిగించింది. ఊపిరి ఆడట్లేదు.

మామ్మగారు ఆ కోటే వేసుకుంది. వెనక నిలబడి చూశాను. ఒట్టి నల్లగుడ్డ. ఎవరికీ ఏమీ కనబడదు. వాళ్ళమ్మ పని లోపల ఉంది, దాన్ని పట్టుకుని నా చేతికుట్టు కూడా లోపలే ఉంది. ఒకావిడ ఆగి, మీ కాలర్ మీద పనేమీ లేదే అంది. మామ్మగారు నాకేసి చూసింది. ఇద్దరం ఏమీ చెప్పలేదు. బావా, నా జన్మలో నేను కుట్టినదాన్ని చూసి ఇంత గర్వపడలేదు.

కోపం తగ్గాక అన్నయ్య మళ్ళీ షాపుకి రమ్మంటాడు అంటోంది ఉమ. వస్తాను. ఆ మూడొందలకీ జిప్పులు పీకి రవికల లైనింగులకి వాడదాం, గుడ్డ మంచిదే. కానీ నాకొక్కటే షరతు. ఇదిగో, మామ్మగారు అరుస్తోంది, ఇంకో పిల్ల తలపాగా సగంలో ఆగిపోయిందట, కొస పట్టేవాడు లేడట, ఉమ కూడా వచ్చి నా పెన్ను లాగుతోంది, కాబట్టి షరతు ఒక్క ముక్కలో రాస్తాను. అద్దంలో ఆ అట్ట నా చేత్తో రాసింది, అది అక్కడే ఉండా—